చాలీచాలని అడాప్టర్

రాజారాం చనిపోయాక సోలాపూర్ దాజీ పేట్‌లోని మగ్గం ఇల్లు మూతపడింది. ఆ ఇల్లంటే సందు వైపు ఒక చిన్న గది, దాని వెనక మగ్గం ఉన్న పొడవాటి గది, అంతే. ఆయన భార్య చంద్రభాగను కూతురు ఋతుజ జోడ్‌భావి పేట్‌లోని తన ఇంటికి తెచ్చుకుంది. మగ్గాన్ని మాత్రం ఎక్కడికి తెస్తారు? పైగా దానిమీద పని సగంలో ఆగి ఉంది.

రాజారాం గోడకు వేలాడదీసే బొమ్మల గుడ్డలు నేసేవాడు. సోలాపూర్‌లో చాదర్లూ టవళ్లూ పవర్‌లూమ్‌ల మీద గజాల కొద్దీ దిగుతుంటాయి గాని, గుడ్డలో మనిషి ముఖం తెప్పించాలంటే ఇప్పటికీ చేతి మగ్గమే కావాలి. పడుగు కింద బొమ్మ గీసిన నక్షా కాగితం పరుచుకుని, ఒక్కో రంగుకు ఒక్కో చిన్న కండె పట్టుకుని, వేళ్లతో పోగు దూర్చి, దువ్వెనలాంటి పన్నెతో కొట్టుకుంటూ పోవాలి. దేవుళ్లను, రాజులను, పెళ్లికొడుకులను, షష్టిపూర్తి చేసుకునే సేట్లను ఆయన అలా నేశాడు. చివరిగా ఎత్తుకున్నది ఎవరి బొమ్మో ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఆయన పోయేనాటికి దానిలో ఆకుపచ్చ చీర కొంగూ, ఒక భుజమూ వచ్చాయి. ఎవరో ఆడమనిషి అని మాత్రం తెలిసింది. ఆర్డరిచ్చామంటూ ఎవరూ రాలేదు.

ఆ సందులో మూతపడిన షెడ్లలోంచి మోటార్లు, రాగి తీగలు మాయమవుతున్నాయని పక్కింటి మురళీధర్ చెప్పాడు. ఆయనకు గోడ అవతల పవర్‌లూమ్‌ల షెడ్డు ఉంది. రాజారాంను అన్న అనేవాడు. ఋతుజ సీసీ కెమెరాలు అమ్మి బిగించే దుకాణంలో రిపేరు పని చూస్తుంది కనుక, దుకాణంలో పక్కన పడేసిన ఒక పాత కెమెరాను అడిగి తెచ్చింది. మగ్గానికి ఎదురుగా, పైకప్పు దూలానికి బిగించి, మురళీధర్ వైఫైకి కలిపింది. అడాప్టర్ ఒకటి డబ్బాలోంచి తీసుకుంది. పన్నెండు వోల్టులని రాసి ఉంది, పిన్ను సరిగ్గా పట్టింది, కెమెరా వెలిగింది. ఇంకేం చూడలేదు. దుకాణానికి వచ్చే ప్రతివాడికీ "వోల్టులొక్కటే చూస్తే సరిపోదు, ఆంపియర్లు కూడా చూడాలె" అని చెప్పే మనిషి, సొంత ఇంటికి వచ్చేసరికి చేతికందింది పెట్టేసింది.

కెమెరా మంచే చేసింది. చంద్రభాగకు ఒక పాత ఫోన్ ఇస్తే, ఆమె దాన్ని వంటింటి గట్టు మీద నిలబెట్టుకుని రోజంతా మగ్గాన్ని చూసేది. పప్పు కడుగుతూ, చపాతీ పిండి పిసుకుతూ. సీరియల్ చూడమన్నా చూసేది కాదు.

వానలు మొదలైన తరువాత ఒక మధ్యాహ్నం ఋతుజ అన్నానికి ఇంటికొస్తే తల్లి ఫోన్ ఎత్తి చూపించింది.

"ఋతూ, పని ముందుకైంది."

"ఏం పని?"

"మీ బాపు పని. మొన్న భుజం కాడ్నే ఉండె. ఇయ్యాల మెడ గూడ వచ్చింది. గుండ్లు గూడ వచ్చినయ్ చూడు."

ఋతుజ కంచం ముందు నుంచి లేవకుండానే తొంగి చూసింది. "గాలికి కెమెరా జరిగుంటదమ్మా. కిందికి చూస్తే ఎక్కువ కనబడ్తది."

"నేనేమన్న పిచ్చిదాన్నా? నలభై అయిదేండ్ల సంది ఆ మగ్గం ముందటనే కూసున్న. నడుమనడుమ బొమ్మ బంద్ అయితది గదా, మళ్ల వచ్చేసరికి ఇంత ఎక్కువుంటది."

ఋతుజ తినడం ఆపింది. ఫోన్ తీసుకుని చూసింది. మెడ నిజంగానే ఉంది. మెడ చుట్టూ నల్లపూసలు కాదు, ఎర్రటి గుండ్ల దండ.

సాయంత్రం కాకముందే దాజీ పేట్ వెళ్లింది. తాళం వేసినట్టే ఉంది. లోపల దుమ్ము మీద అడుగు జాడ లేదు. మురళీధర్‌ను పిలిస్తే షెడ్డులోంచి చెవుల్లో దూది తీసుకుంటూ వచ్చాడు. మగ్గం దగ్గరికి వెళ్లి, వంగి, కొత్తగా వచ్చిన మెడ మీద బొటనవేలితో నొక్కాడు.

"కాకా, ఎవరన్న వచ్చి నేసిన్రా? నువ్వేమన్న..."

"నాకు ఈ పని రాదు బిడ్డా. పవర్‌లూమోన్ని నేను." ఆయన వేలు ఇంకా గుడ్డమీదే ఉంది. "ఒక్కొక్కల్ల పన్నె దెబ్బ ఒక్కొక్క తీరుంటది. కొట్టిన గుడ్డను ముట్టుకుంటే తెలుస్తది. ఇది అన్న దెబ్బనే." పడుగును పక్కకు ఎత్తి కిందకి చూశాడు. "నక్షా ఏది?"

పడుగు కింద కాగితమేదీ లేదు. బల్ల మీద గాని, మగ్గం కింద కాళ్లు పెట్టుకునే గుంటలో గాని లేదు. కండెలు మాత్రం రంగుల వారీగా తీర్చి ఉన్నాయి. ఎరుపు కండె పోగు చివర ఇంకా ఊగుతూ ఉంది.

మురళీధర్ వెనక్కి జరిగాడు. "నాకు పని ఉంది ఋతూ," అని వెళ్లిపోయాడు.

ఋతుజకు భయం కంటే ముందు కోపం వచ్చింది. ఎవడో కెమెరా ఆగిన సమయం కనిపెట్టి లోపలికి వస్తున్నాడనుకుంది. అసలు కెమెరా ఎందుకు ఆగుతోందో తేలిస్తే మిగతాది అదే తేలుతుందనుకుని, మరుసటి సెలవు రోజు మీటరు, పనిముట్లు పట్టుకుని మళ్లీ వచ్చింది. ఆ రోజు మురళీధర్ షెడ్డు కూడా బంద్. సందంతా చెవులు మూసినట్టుంది.

మొదట వైఫై చూసింది, బాగానే ఉంది. పిన్ను కదిపి చూసింది, వదులుగా లేదు. పిన్ను ఊడదీసి మీటరు పెడితే పన్నెండు చిల్లర చూపించింది. ఇంతవరకు చూసి సరిపెట్టుకునేవాళ్లు చాలామంది, కాని ఆమె అలా సరిపెట్టుకోదు. కరెంటు లాగే బరువు లేనప్పుడు ఏ అడాప్టరైనా నిక్కి నిలబడుతుంది. బరువు పడ్డప్పుడు చూడాలి. మధ్యలో స్క్రూ కనెక్టర్ ఒకటి వేసి, మీటరు తీగలు దానికి తగిలించి, కెమెరా వెలిగించింది. పగటి వెలుతురులో వోల్టులు కొంచెమే తగ్గాయి. కెమెరా పని చేస్తూనే ఉంది.

అప్పుడు స్టూలెక్కి, కెమెరా ముఖం మీద వెలుతురు కనిపెట్టే చుక్కను అరచేత్తో మూసింది.

లోపల టక్కుమని చప్పుడైంది. చీకటి పడిందనుకుని కెమెరా తన కంటికి కనపడని దీపాలు వెలిగించుకుంది. చేతి సందుల్లోంచి అవి మసక ఎర్రగా కనిపించాయి. మీటరు పది దాటి, తొమ్మిదికి జారింది. ఎర్ర చుక్కలు ఆరిపోయాయి. కెమెరా చచ్చిపోయింది.

దొరికిందనుకుంది ఋతుజ. అడాప్టర్ తిప్పి చదివితే అర ఆంపియర్ అని ఉంది. కెమెరా అడిగేది ఒక ఆంపియర్. పగలు ఏదో నెట్టుకొస్తుంది, దీపాలు వెలగగానే కరెంటు చాలక పడిపోతుంది, దీపాలు ఆరగానే లేస్తుంది, మళ్లీ పడిపోతుంది. ఆ గదికి వెలుతురంతా పైకప్పులోని ఒక్క అద్దపు పెంకులోంచే. వానమబ్బు పట్టిందంటే మధ్యాహ్నమే చీకటి. రాత్రి ఆగినా ఎవరూ చూడరు, వానాకాలంలో పగలే ఆగేసరికి ఈ జబ్బు బయటపడింది.

నవ్వు కూడా వచ్చింది ఆమెకు. సరిగ్గా అప్పుడే వీపు వెనక పన్నె ధన్‌మంది.

ఒక్కటే దెబ్బ. ఖాళీ గదిలో చెక్క చెక్కకు తగిలినట్టు కాదు, కొత్త పోగు మీద పడ్డ మెత్తటి దెబ్బ. చిన్నప్పటి నుంచి ఆ చప్పుడు వింటూ నిద్రపోయిన పిల్ల ఆమె. పొరబడదు.

స్టూలు మీద అలాగే నిలబడిపోయింది. మెడ వెనక్కి తిరగలేదు. కెమెరా తిరిగి లేచి, దాని నీలం చుక్క మిణుకుమన్న తర్వాతే తిరిగి చూసింది. పన్నె గుడ్డకు ఆనుకుని ఉంది. ఈ మధ్య కొత్తగా వచ్చిన పెదవుల పైన గోధుమ రంగు పోగు ఒకటి ఎక్కువైంది. ఇంకా కొంచెం వణుకుతోంది.

ఆమె గబగబా సంచిలోంచి కొత్త అడాప్టర్ తీసింది. అవే పన్నెండు వోల్టులు, రెండు ఆంపియర్లు, పిన్ను అదే, లోపలి పక్క ప్లస్సే. పెట్టి, చేయి అడ్డం పెట్టి చూసింది. కెమెరా కదలలేదు, మెదలలేదు. మీటరు పన్నెండు దగ్గర బొమ్మలా నిలబడింది. పాతదాన్ని సంచిలో వేసుకుని, తలుపు తాళం వేసి, వెనక్కి చూడకుండా వచ్చేసింది.

ఆ తర్వాత కెమెరా ఆగలేదు. ఎంత మబ్బు పట్టినా ఫోన్‌లో మగ్గం నలుపూ తెలుపూగా కనిపిస్తూనే ఉంది. పని మాత్రం ఆగిపోయింది. అప్పటికే గడ్డమూ, పెదవులూ వచ్చి ఉన్నాయి. సగం ముఖం, ముక్కు మొదట్లో తెగినట్టు, ఖాళీ పడుగు కింద ఉండిపోయింది.

చంద్రభాగ ఫోన్ చూడటం మానేసింది. అన్నం వండుతుంది, తినదు. ఒకరోజు ఋతుజ దుకాణం నుంచి వచ్చేసరికి ఆమె లైటు కూడా వెయ్యకుండా కూర్చుని ఉంది.

"ఆ కెమెరాకు ఏం చేసినవ్?" అనడిగింది.

"అడాప్టర్ తక్కువది పెట్టిన ఇన్నొద్దులు. ఇప్పుడు సరైంది పెట్టిన. రిపేర్ అయింది."

"అది మంచిగైంది. మీ బాపు పని బంద్ అయింది. ఎవరన్న గుడ్లప్పగించి చూస్తుంటే ఆయన ఎన్నడు నెయ్యలే. నేను అన్నం పెట్టుకొని పోయినా చెయ్యి ఆపుతుండె. మర్చిపోయినవా?"

ఋతుజ మర్చిపోలేదు. ఆ సంగతి తట్టకుండా ఉండాలనే ఇన్ని రోజులూ ప్రయత్నించింది. "అమ్మా, అది ఎవరి ముఖమో మనకు తెల్వదు. నీ ముఖమైతే ఏం చెయ్యాలె? నిన్ను గూడ పిలుస్తున్నడేమో అని నాకు..."

తల్లి ఫోన్ తెచ్చి, రెండు వేళ్లతో బొమ్మ పెద్దది చేసింది. "నాది గాదు. ఈ కింది పెదవి చూడు, నడుమ నొక్కినట్టు. మా అత్తకుండె గట్ల. తర్వాత ఒక్కదానికే వచ్చింది. కోమల్‌కు."

కోమల్ ఋతుజకు అక్క. ఋతుజ పుట్టకముందే, బడికి పోయే వయసు రాకముందే జ్వరంతో పోయింది. ఇంట్లో ఆమె ఫోటో లేదు, ఆమె మాట ఎత్తేవాళ్లూ లేరు. ఆ పేరు బయటివాళ్ల నోట విన్నదే గాని, తల్లి నోట వినడం ఋతుజకు అదే మొదలు.

"కోమల్ చిన్నపిల్ల గదమ్మా. ఇది పెద్ద మనిషి మెడ. పెద్ద మనిషి గడ్డం."

"అవును," అంది చంద్రభాగ. "అందుకే నాకు కండ్లు గూడ చూడాలని ఉంది. పాతదే పెట్టు."

"కెమెరానే తీసేస్తనమ్మా. ఇంక ఎవరు చూడరు."

"తీసేస్తే నాకెట్ల కనబడ్తది? పాతది పెడితే ఆయన నేసుకుంటడు, నడుమల నేను చూసుకుంట. ఇద్దరికి బరోబర్ అయితది."

ఋతుజ రెండు రోజులు వాదించింది. కరెంటు ఎక్కువ ఇవ్వగలిగే అడాప్టర్ పెడితే కెమెరాకు ఏమీ కాదు, అది కావలసినంతే తీసుకుంటుంది. తక్కువది పెడితే అడాప్టరే శక్తికి మించి మోసి మోసి కాగిపోతుంది. నూలు నిండిన గదిలో అలాంటిది పెట్టకూడదు. దుకాణంలో ఎవరైనా అలా బిగిస్తే తనే ముఖం వాచేలా చీవాట్లు పెట్టేది. తల్లి అంతా విని, "మీ బాపుకు అగ్గి సంగతి నీకన్న ఎక్కువ ఎరుక," అంది.

చివరికి పెట్టింది. సాకెట్టు కింద ఒక పెద్ద షాబాదు బండ పరిచి, నూలు చుట్టలు జరపగలిగినంత దూరం జరిపి, రోజూ వచ్చి చేత్తో ముట్టుకు చూసేది. ప్రతిసారీ వేడిగానే ఉండేది. ప్రతిసారీ తీసేద్దామనుకునేది. ఆ మాట అనుకుంటూ మగ్గం వైపు చూస్తే ముక్కు వచ్చి ఉండేది, మరోసారి చెంపలు. ఒకసారి చెవికమ్మ ఒక్కటే వచ్చింది, దాని పైన చెవి ఇంకా రాలేదు. ఋతుజ ఎంతసేపు నిలబడినా ఆమె ముందు ఒక్క పోగు కదిలేది కాదు. ఆమె గది దాటి తలుపు దగ్గరగా వేయగానే వెనక నుంచి ధన్ మనేది. ధన్. మళ్లీ ధన్. పాతకాలం నాటి నిదానం దెబ్బ. మురళీధర్ ఆ గోడ పక్కన ఉన్న పవర్‌లూమ్ సాంచాను ఆపేశాడు. ఆ వైపుకు కూలీలు పోవడం లేదని చెప్పాడు.

నాగుల పంచమి దాటాక ఒక పగటిపూట పెద్ద వాన పట్టింది. ఋతుజ దుకాణంలో ఉండగా మురళీధర్ ఫోన్ చేశాడు.

"ఋతూ, మీ ఇంట్లకెల్లి ప్లాస్టిక్ కాలిన వాసన వస్తున్నది. నేను తాళం పగలగొడ్తున్న. నువ్వు జల్ది రా!"

ఆమె స్కూటీ మీద ఇంటికి పోయి తల్లిని ఎక్కించుకుంది. తల్లిని ఎందుకు ఎక్కించుకుందో ఆమెకే తెలియదు. ఇద్దరూ ముద్దగా తడిసి దాజీ పేట్ చేరేసరికి మురళీధర్ సుత్తి పట్టుకుని గడప బయటే నిలబడి ఉన్నాడు. తాళం పగలగొట్టాడు గాని లోపలికి పోలేదు.

"మంట లేదు," అన్నాడు. గొంతు తగ్గించాడు. "మీరే చూడున్రి."

గదిలో కాలిన వాసన దట్టంగా ఉంది. సాకెట్టు చుట్టూ గోడ నల్లబడింది. అడాప్టర్ మాత్రం సాకెట్టులో లేదు. దాన్ని ఎవరో ఊడబెరికి బండ నడిమధ్యన పెట్టారు. దాని పొట్ట ఉబ్బి, పక్క పగిలి, గోధుమరంగుకు తిరిగి ఉంది. వైరు చుట్ట చుట్టి, చివర ముడి వేసి ఉంది. ఋతుజ మోకాళ్ల మీద కూర్చుని ఆ ముడి చూసింది. తెగిన పోగు కలిపేటప్పుడు నేతగాళ్లు వేసే ముడి అది. ఎలా వేస్తారో బాపు చెయ్యి పట్టి నేర్పించినా ఆమెకు ఎన్నడూ పట్టుబడలేదు.

వెనక తల్లి చప్పుడు లేకపోవడంతో తలెత్తింది.

చంద్రభాగ మగ్గం ముందు నిలబడి ఉంది. అద్దపు పెంకు మీద వాన కారుతుంటే ఆ నీడలు గుడ్డమీద పాకుతున్నాయి. ముఖం పూర్తయింది. నలభై దాటిన ఆడమనిషి, కొంచెం అలసిన చూపు, నిండైన బొట్టు. ఋతుజకు అక్క అని పోల్చుకోవడానికి ఏ జ్ఞాపకమూ లేదు. అయినా ఆ నుదురు తనదే, ఆ కనుబొమలు బాపువే. రాజారాం నేసిన బొమ్మల్లో కళ్లు ఎప్పుడూ తిన్నగా ముందుకు చూసేవి. ఈ కళ్లు కొంచెం పక్కకు చూస్తున్నాయి, పక్కనే ఎవరో కూర్చుని మాట్లాడుతుంటే వింటున్నట్టు.

"చిన్నప్పటి మొఖం యాది తెచ్చుకొని నేసిండేమో," అన్నాడు మురళీధర్ గడప దగ్గర నుంచే. "అందాజగ."

"అందాజతోని ఇట్ల రాదు మురళీ," అంది చంద్రభాగ. "చూసుకుంట నేసిండు."

ఆ మాటకు మురళీధర్ చెప్పులేసుకున్నాడు. గుడ్డను మగ్గం నుంచి కోసి దించడానికి సాయం రమ్మంటే చెయ్యి అడ్డంగా ఊపాడు. చంద్రభాగే కత్తెర తీసుకుంది. తెగిన పడుగు పోగులు ఒక్కొక్కటే వెనక్కి ముడుచుకుంటుంటే ఋతుజ రెండు చేతులూ చాచి గుడ్డను పట్టుకుంది. అది వెచ్చగా ఉంది. ఒడిలో పెట్టుకున్న దుప్పటి అంత వెచ్చన.

ఋతుజ స్టూలెక్కి కెమెరా ఊడదీసింది. తల్లి వద్దనలేదు.

రాజారాం ఏ బొమ్మ దించినా వెనకవైపు వేలాడే పోగుల చివర్లను ముడివేసి కత్తిరించడం పెళ్లయిన నాటి నుంచి చంద్రభాగ పనే. ఇప్పుడూ ఆమె ముందుగదిలో వాకిలి వెలుతురుకు కూర్చుని, గుడ్డను తిరగేసి ఒళ్లో వేసుకుంది. బయట వాన సన్నబడింది. కత్తెర ఆడిస్తూ ఆమె మాట్లాడటం మొదలుపెట్టింది. కోమల్‌కు చింతపండు అంటే ఎంత పిచ్చో, గుంటలో దిగి బాపు కాళ్ల మధ్య ఎలా దాక్కునేదో, పేరు పెట్టి పిలిస్తే పలకకుండా ఎలా నవ్వేదో. ఋతుజ గోడకానుకుని వింటూ ఉంది. భయం పోలేదు. వెనక గదిలోకి చూడాలనిపించలేదు. కాని లేచి పోవాలనీ అనిపించలేదు.

జుట్టు దగ్గరికి వచ్చేసరికి చంద్రభాగ కత్తెర ఆగింది. నల్ల పోగుల నడుమ అక్కడక్కడా వేరే పోగేదో దూరి ఉంది. గుడ్డను ముందువైపు తిప్పి, చెంప పైన, చెవి దగ్గర వేలు పెట్టి, కళ్లకు దగ్గరగా తెచ్చుకుని చూసింది.

"ఋతూ," అంది, ముసిముసిగా నవ్వుతూ, కళ్లలోంచి నీళ్లు కారిపోతున్నా తుడుచుకోకుండా. "అక్కకు తెల్ల వెంట్రుకలొచ్చినయే."